కదిలే నేలను కొలిచిన కథ

జీపీయస్ ఇప్పుడు ఆటో నడిపేవారి ఫోనులో కూడా ఉంది. దారి తెలియనివారికి దారి చూపడమే దాని పని అనుకుంటాం. భూభౌతిక శాస్త్రవేత్తలు మాత్రం దానిని ఒక రాతిమీద కదలకుండా బిగించి, ఏళ్ల తరబడి "నువ్వెక్కడున్నావు?" అని ఒకటే ప్రశ్న అడుగుతూ ఉంటారు. ఆ జవాబులో వచ్చే వెంట్రుకవాసి తేడాయే వారికి కావలసింది. ఆ తేడా వెనుక ఉన్న చరిత్రను కొంత చెప్పాలని నా ప్రయత్నం. అది మన దేశంలో ఉపగ్రహాలకు చాలా ముందే మొదలయింది.

1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసులో సెంట్ థామస్ మౌంట్ దగ్గర నేలమీద ఉక్కు గొలుసు పరిచి, సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలిచాడు. దానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ రేఖ మీద ఒక త్రిభుజం, దాని భుజం మీద మరొకటి, ఇలా కొండ నుంచి కొండకు, గోపురం నుంచి గోపురానికి కోణాలు కొలుచుకుంటూ ఉత్తరానికి సాగాడు. అరటన్ను బరువున్న థియొడొలైట్‌ను కూలీలు మోసుకెళ్లేవారు. కొన్నేళ్లు హైదరాబాదును కేంద్రంగా చేసుకుని పనిచేసిన లాంబ్టన్, 1823లో నాగపూరుకు వెళ్లే దారిలో హింగన్‌ఘాట్‌లో మరణించాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవులలో జ్వరంతో మంచం పట్టిన అతని సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ ఆ గొలుసుకట్టును హిమాలయ పాదాల దాకా చేర్చాడు.

ఆ లెక్కలలో ఒక చిక్కు వచ్చింది. ఢిల్లీకి ఉత్తరాన ఉన్న కలియానా, మధ్యభారతంలోని కలియాన్‌పూర్ – ఈ రెండు చోట్ల మధ్య అక్షాంశాల తేడాను నక్షత్రాలను చూసి కట్టినప్పుడు ఒక అంకె, నేలమీద త్రిభుజాలతో కట్టినప్పుడు ఇంకొక అంకె వచ్చాయి. తేడా సుమారు 5.24 సెకండ్లు, అంటే నేలమీద దాదాపు 160 మీటర్లు. గోడ నిలువు చూడటానికి తాపీమేస్త్రి వేలాడదీసే గుండు వంటిదే నక్షత్రాలను చూసే పరికరానికీ ఆధారం. హిమాలయాల ఆకర్షణకు ఆ గుండు పక్కకు ఒరిగి ఉండాలని జాన్ హెన్రీ ప్రాట్ లెక్కవేశాడు. అతని లెక్క ప్రకారం తేడా 16 సెకండ్ల దాకా రావాలి, కాని అంత రాలేదు. పర్వతాల కింద తేలిక రాతివేళ్లు లోతుగా దిగి ఉన్నాయని 1855లో జార్జ్ ఎయిరీ చెప్పిన సమాధానం భూవిజ్ఞానంలో ఒక మలుపు. సర్వేలో మిగిలిన శేషం పర్వతాల లోపలి నిర్మాణాన్ని తెలిపింది.

అయితే లాంబ్టన్, ఎవరెస్టులు ఒక విషయాన్ని ప్రశ్నించలేదు. తాము గురుతు పెట్టిన కొండలు కదలవని నమ్మారు. ఖండాలు కదులుతాయని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లో అన్నా, ఆ మాట అందరికీ ఒప్పుదల కావడానికి 1960ల దాకా ఆగవలసి వచ్చింది. ఆనాటికి తెలిసిన వేగాలు లక్షల సంవత్సరాల సగటులు. ఈ ఏడు ఎంత కదిలిందో చెప్పడానికి కొత్త కొలబద్ద కావాలి.

అమెరికా సైన్యం నిర్మించిన జీపీయస్‌లో తొలి ఉపగ్రహం 1978లో ఎగిరింది; వ్యవస్థ 1995లో పూర్తయింది. నేలకు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు అణు గడియారాల సమయాన్ని ప్రసారం చేస్తాయి. సంకేతం చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం తెలుస్తుంది. నాలుగు ఉపగ్రహాలు కనబడితే మన స్థానం దొరుకుతుంది. మామూలు వాడకంలో కొన్ని మీటర్లు అటూఇటూ అయినా ఫరవాలేదు. శాస్త్రవేత్తలు సంకేతాన్ని మోసుకొచ్చే రేడియో తరంగాన్నే కొలబద్దగా తీసుకున్నారు. దాని పొడవు సుమారు 19 సెంటీమీటర్లు, అందులో నూరోవంతును కూడా గుర్తించవచ్చు. రెండు పౌనఃపున్యాలు వాడి అయనావరణం వల్ల కలిగే జాప్యాన్ని తీసివేస్తారు. గాలిలోని తేమ కలిగించే జాప్యాన్ని అంచనా కడతారు. రోజుల తరబడి కొలతలను సగటు చేస్తే మిల్లీమీటర్లు తేలతాయి.

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోను, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలోను ఇలాంటి కేంద్రాలు నెలకొన్నాయి. మన నేల ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతున్నదని వాటి కొలతలు చెబుతాయి. ఇదే వేగమనుకుంటే, లాంబ్టన్ గొలుసు పరిచిన చోటు ఈ రెండు శతాబ్దాలలో పది మీటర్లకు పైగా జరిగి ఉంటుంది. ఆ కదలికలో ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్లు హిమాలయాల దగ్గర ఇముడుతున్నాయి. అక్కడ పలకలు బిగిసిపోయి ఉన్నంతకాలం అది అప్పులా పేరుకుంటుంది. ఏదో ఒకనాడు భూకంపంగా తీరుతుంది.

2004 డిసెంబరు 26, ఆదివారం, పున్నమి. ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దగ్గర మొదలైన చీలిక అండమాన్ల దాకా సుమారు 1300 కిలోమీటర్లు సాగింది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 3 మీటర్లు పడమరగా జరిగి, మీటరుకు కాస్త తక్కువగా కుంగిందని జీపీయస్ కొలతలు తేల్చాయి. హైదరాబాదు కూడా కొన్ని మిల్లీమీటర్లు తూర్పుకు జరిగింది.

నన్ను కలతపెట్టేది ఆ తరువాతి సంగతి. పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం తొలి అంచనా 8.0, గంట దాటాక 8.5. నిజానికి అది 9కి పైమాట. ఇంత పెద్ద కంపాన్ని తూచడంలో భూకంపమాపకాల తొలి లెక్కలు తడబడ్డాయి. దూరదూరాన ఉన్న జీపీయస్ కేంద్రాల కొలతలను అప్పటికప్పుడు లెక్కవేసి ఉంటే అసలు పరిమాణం పావుగంటలో తెలిసేదని జెఫ్రీ బ్లెవిట్, ఆయన సహచరులు 2006లో చూపించారు. కెరటం మన తూర్పుతీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అండమాన్ వాసులకు ఆ గడువు లేదు. కాని నెల్లూరు నుంచి కృష్ణా జిల్లా దాకా వేటకు వెళ్లినవారికి, పున్నమి స్నానాలకు వచ్చినవారికి ఉంది. మన రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయారు.

సంకేతాలు ఆ ఉదయం కూడా ఎప్పటిలాగే అందాయి. వాటిని వెంటనే చదివే ఏర్పాటు గాని, తీరానికి కబురు చేర్చే ఏర్పాటు గాని లేవు. 2007లో హైదరాబాదులోనే, సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రంలో, సునామీ హెచ్చరిక వ్యవస్థ మొదలయింది. అంతకుముందు జీపీయస్ కొలతలు భూకంపం తరువాత వ్యాసాలు రాయడానికే అక్కరకు వచ్చేవి. వాటిని పావుగంటలో పల్లెకారుల గుడిసె దాకా చేర్చడం కూడా భూవిజ్ఞానంలో భాగమేనని, లాంబ్టన్ మొదలుపెట్టిన పనిలో మిగిలిన భాగం అదేనని నా నమ్మకం.