కర్ర దెబ్బకు చట్టం, క్రిమి కాటుకు బీమా

1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బ్రిటిష్ పాలకులు అంటువ్యాధుల చట్టం తెచ్చారు. నాలుగే సెక్షన్లు. ప్రయాణికులను తనిఖీ చేయడానికి, అనుమానితులను వేరుగా ఉంచడానికి సర్కారుకు అధికారాలు దక్కాయి. చివరి సెక్షన్ ఆ అధికారాలు చలాయించినవారిపై దావాలు పడకుండా కాపాడింది. రోగి మంచం పక్కన నిలబడే నర్సు, వార్డు కడిగే కార్మికురాలు అందులో కనబడరు. పరాయి పాలన నుంచి అంతకు మించి ఆశించలేం. స్వతంత్ర భారతం కూడా ఆ చట్టంతోనే 2020 దాకా నెట్టుకొచ్చింది.

హెచ్చరికలు లేక కాదు. 2001 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో అంతుబట్టని జ్వరం 66 మందికి సోకితే 45 మంది మరణించారు. బాధితుల్లో నాలుగింట మూడు వంతుల మంది ఆసుపత్రి సిబ్బంది, రోగులను చూడవచ్చినవారే. రోగాన్ని నయం చేయవలసిన చోటే రోగం పాకింది. అది నిపా అని తేల్చిన పరిశోధన 2006లో గానీ అచ్చు కాలేదు. అదే నిపా 2018 మేలో కోళికోడ్ జిల్లాలో తలెత్తింది. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో తొలి రోగికి పరిచర్య చేసిన నర్సు లినీ పుతుస్సేరి మే 21న మరణించారు. ఆమె సేవ చేసిన నాటికి ఆ రోగం పేరు అక్కడ ఎవరికీ తెలియదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మాస్కులు, గ్లవ్స్, చేతుల శుభ్రత, గాలి ఆడే వార్డు, మంచానికీ మంచానికీ మధ్య ఎడం రోగం పేరు తెలిశాక మొదలైతే అప్పటికే ఆలస్యం. పేరు తెలియని ప్రతి జ్వరం దగ్గరా అవి నిత్యవిధి కావాలి. నిత్యవిధికి నిత్యం డబ్బు కావాలి. బడ్జెట్ ప్రసంగాల్లో దానికి చప్పట్లు పడవు. విచిత్రమేమంటే, సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయాలన్న స్పష్టమైన ఆదేశం మనకు 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల్లో దొరుకుతుంది. అదీ వ్యర్థాలు ముట్టుకునేవారికే. కార్మికుల రక్షణ చెత్త నియమాల చాటున వచ్చిందన్నమాట.

2020 ఏప్రిల్ 22న, కోవిడ్ నడుమ, పాత చట్టాన్ని ఆర్డినెన్స్‌తో సవరించారు. వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు. దాడులు నిజం, ఆ శిక్ష అవసరమే. కానీ అది కాపాడింది మనిషి చేతి నుంచి. క్రిమి నుంచి కాదు. క్రిమికి బలైనవారి కుటుంబాలకు 50 లక్షల రూపాయల బీమా ప్రకటించారు.

ఆ సెప్టెంబరులో, వ్యాధి సోకి మరణించిన ఆరోగ్య సిబ్బంది ఎందరని పార్లమెంటులో ప్రశ్న వచ్చింది. ఆరోగ్యం రాష్ట్రాల అంశం, ఆ వివరాలు కేంద్రం వద్ద ఉండవని సహాయ మంత్రి బదులిచ్చారు. భారత వైద్య సంఘం మరణించిన 382 మంది వైద్యుల జాబితా విడుదల చేసింది. అందులో ఉన్నది వైద్యులే; నర్సులు, వార్డు సిబ్బంది ఆ లెక్కలోకి రారు. బీమా కింద సాయం కోరినవారి వివరాలు మాత్రం తమ వద్ద ఉన్నాయని ప్రభుత్వం చెప్పింది.