మొదటి అక్షరాల వరుస: ఇంగ్లీషు నిఘంటువు నడిచిన దారి

ఇంగ్లీషు నిఘంటువులో రాజును తెలిపే 'కింగ్' అనే మాటను వెతికేవారికి దాని పక్కన రాణిని తెలిపే 'క్వీన్' కనిపించదు. బంధువర్గాన్ని తెలిపే 'కిన్', దయను తెలిపే 'కైండ్', లకుముకి పిట్టకు పేరైన 'కింగ్‌ఫిషర్' దాని ఇరుగుపొరుగున ఉంటాయి. కే, ఐ, ఎన్ అనే మూడు అక్షరాలతో మొదలుకావడం తప్ప ఈ మాటలను ఒకచోట చేర్చిన కారణం మరొకటి లేదు. రాణి ఎన్నో పుటల అవతల, క్యూ అనే అక్షరం కింద, వణుకును తెలిపే 'క్వేక్' వంటి మాటల నడుమ ఉంటుంది. అర్థంతో నిమిత్తం లేకుండా, కేవలం మొదటి అక్షరాలను బట్టి మాటలకు చోటు కేటాయించే ఈ పద్ధతి నేటి చదువరికి ఎంత సహజంగా కనిపించినా, యూరపులో అది స్థిరపడడానికి అనేక శతాబ్దాలు పట్టింది, స్థిరపడిన తరువాత కూడా దానిపై పండితుల అసంతృప్తి చల్లారలేదు.

భారతీయ సంప్రదాయంలో కోశరచన ఇందుకు పూర్తిగా భిన్నమైన దారిలో సాగింది. అమరసింహుడు రచించిన 'నామలింగానుశాసనం', అంటే లోకంలో అమరకోశంగా ప్రసిద్ధమైన గ్రంథం, మూడు కాండలుగా, కాండలు వర్గాలుగా విభజితమై, మాటలను వాటి అర్థాన్ని బట్టి కూరుస్తుంది. రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, రథం, ఆయుధం అన్నీ క్షత్రియవర్గంలో ఒకచోట చేరతాయి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, ఆడిదము సూరకవి ఆంధ్రనామశేషం కూడా ఈ పద్ధతినే అనుసరించి పద్యాలలో వెలసిన తెలుగు కోశాలు. ఇవి వెతుక్కోవడానికి కాక కంఠస్థం చేయడానికి పుట్టిన గ్రంథాలు కనుక, వీటిని నోటికి నేర్చుకున్నవాడికి పుస్తకంతో పని లేదు. అయితే నేర్చుకోనివాడికి, ఎదురైన మాటకు అర్థమే తెలియనివాడికి, అది ఏ వర్గంలో ఉంటుందో ఊహించే మార్గం కూడా లేదు. అక్షరక్రమం ఈ రెండోవాడి కోసం ఏర్పడిన పద్ధతి; దాని చరిత్రను ఈ దృష్టితో చూసినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

అక్షరాల వరుసను గ్రంథసూచికలకు వాడుకోవడం ప్రాచీన గ్రీకులకు తెలిసినదే అయినా, మాటలోని ప్రతి అక్షరం దాకా ఆ వరుసను పాటించాలనే నియమం మధ్యయుగాల లాటిన్ పండితులతోనే గట్టిపడింది. 11వ శతాబ్దిలో పాపియాస్ అనే ఇటాలియన్ కూర్చిన కోశంలో మొదటి మూడు అక్షరాల వరకు క్రమం పాటించే ప్రయత్నం ఉంది. 1286లో జెనోవా నగరానికి చెందిన జొవాన్ని బాల్బి అనే డొమినికన్ సన్యాసి 'కాథలికాన్' అనే లాటిన్ కోశాన్ని ముగిస్తూ, తన క్రమం ఎలా పనిచేస్తుందో పాఠకులకు వివరంగా చెప్పవలసి వచ్చింది. 'అమో' అనే మాట 'బిబో' కంటే ముందు రావడానికి ఏ అనే అక్షరం బీ కంటే ముందుండడమే కారణమనీ, 'అబెయో', 'అడెయో' అనే రెండు మాటలూ ఏతోనే మొదలైనప్పుడు రెండో అక్షరాన్ని చూడాలనీ, రెండోదీ ఒకటైతే మూడోదాన్ని చూడాలనీ ఆయన ఓపికగా బోధించాడు. ఈ క్రమాన్ని గొప్ప శ్రమతో సాధించానని కూడా ఆయన చెప్పుకున్నాడు. ఈనాడు ప్రాథమిక పాఠశాల విద్యార్థికి తెలిసిన విషయాన్ని ఆనాటి పండితలోకానికి ఉదాహరణలతో విడమరచవలసి వచ్చిందంటే అది ఎంత కొత్త ఆలోచనో ఊహించవచ్చు. 1460లో జర్మనీలోని మైంజ్‌లో ఈ గ్రంథం అచ్చయింది.

ఇంగ్లండులో ఈ కథ మఠాలలోని లాటిన్ చదువుతో మొదలైంది. లాటిన్ గ్రంథం చదివే సన్యాసి కఠినమైన మాట పైనో అంచునో దాని అర్థాన్ని చిన్న అక్షరాలతో రాసుకునేవాడు. ఇలాంటి వివరణను 'గ్లాస్' అనీ, వాటిని ఒకచోట చేర్చిన పట్టికను 'గ్లాసరీ' అనీ అంటారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉన్న పట్టికలో మాటలు అవి ఏ గ్రంథం నుంచి వచ్చాయో ఆ వరుసలోనే ఉన్నాయి. ఫ్రాన్సులోని ఎపినాల్‌లో దొరికిన పట్టికలో చాలావరకు మొదటి అక్షరం ఒక్కటే చూశారు కనుక, ఏతో మొదలయ్యే మాటలన్నీ ఒక గుంపుగా, లోపల వరుస లేకుండా పడి ఉన్నాయి. కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టీ కళాశాలలో ఉన్న పట్టిక మరో అడుగు ముందుకు వేసి రెండో అక్షరాన్ని కూడా పాటించింది. ఈ ఒక్కొక్క అడుగు వెనుక ఉన్న కష్టం మేధకు సంబంధించినది మాత్రమే కాదు. ఖరీదైన చర్మపత్రం మీద సిరాతో ఒకసారి రాసిన మాటను కదిలించడానికి వీలుండదు, కొత్త మాటకు నడుమ చోటు చేయడానికీ వీలుండదు. వరుస ఒక అక్షరం మేర సూక్ష్మం కావాలంటే పట్టికను మొదటినుంచి మళ్లీ రాయవలసిందే.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత కూడా అర్థాన్ని బట్టి కూర్చే పద్ధతి వెంటనే వెనక్కి తగ్గలేదు. 1553లో జాన్ విథల్స్ పిల్లల కోసం వెలువరించిన ఇంగ్లీషు–లాటిన్ నిఘంటువు విషయక్రమంలోనే ఉంది. ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పే తొలి నిఘంటువుగా గుర్తింపు పొందిన గ్రంథం 1604లో వచ్చింది. రట్లండ్ ప్రాంతంలోని ఓకమ్‌లో బడిపంతులుగానూ, అనంతరం మతాచార్యుడిగానూ పనిచేసిన రాబర్ట్ కాడ్రీ దీన్ని కూర్చాడు; దాని పేరు 'ఎ టేబుల్ ఆల్ఫబెటికల్', అంటే అక్షరక్రమ పట్టిక. ఇందులో సుమారు 2,500 మాటలు ఉన్నాయి. హీబ్రూ, గ్రీకు, లాటిన్, ఫ్రెంచి భాషల నుంచి ఇంగ్లీషులోకి కొత్తగా వచ్చి, ప్రవచనాలలో వినిపించినా అర్థంకాని మాటలకు ఆయన సులభమైన ఇంగ్లీషులో అర్థాలు చెప్పాడు. లాటిన్ పాఠశాలలకు వెళ్లే అవకాశం లేని స్త్రీలను, అంతగా చదువుకోని సామాన్యులను ఉద్దేశించి ఆ గ్రంథాన్ని రాసినట్లు ముఖపత్రంలోనే ప్రకటించాడు.

ఆ పాఠకుల కోసమే కాడ్రీ తన పీఠికలో వెతికే పద్ధతిని కూడా నేర్పాడు. అక్షరమాల వరుసను చూడకుండా చెప్పగలిగేలా ముందు నేర్చుకోవాలనీ, మాట ఏతో మొదలైతే పుస్తకం ఆరంభంలో, వీతో మొదలైతే చివరివైపు చూడాలనీ, సీ, ఏ అనే రెండు అక్షరాలతో మొదలయ్యే మాటను సీ విభాగం ఆరంభంలో, సీ, యూలతో మొదలయ్యే మాటను ఆ విభాగం చివర వెతకాలనీ ఆయన సూచించాడు. ఇంగ్లీషు నిఘంటు చరిత్రలో ఇంతకంటే ఉదారమైన వాక్యాలు అరుదు. గురువు అవసరం లేకుండా, లాటిన్ అవసరం లేకుండా, కొన్ని అక్షరాల వరుస తెలిసిన ఏ గృహిణికైనా పండితుల మాటల అర్థం చేతికి అందే మార్గాన్ని అవి చూపాయి. ఈ తొలి ముద్రణ ప్రతి ఒకే ఒక్కటి మిగిలి, ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది.

అయితే అక్షరక్రమం సక్రమంగా పనిచేయాలంటే మాటకు ఒకే స్పెల్లింగు ఉండాలి, ఆనాటి ఇంగ్లీషులో అది లేదు. కాడ్రీ గ్రంథపు ముఖపత్రం మీదనే 'వర్డ్స్' అనే మాట రెండు చోట్ల రెండు రకాల స్పెల్లింగులతో అచ్చయింది. స్పెల్లింగు ఏదో తెలిస్తేనే మాట దొరికే నిఘంటువులు విస్తరించిన కొద్దీ, నిఘంటువులో ఉన్న స్పెల్లింగే సరైనదనే భావన కూడా బలపడింది. అక్షరాల సంఖ్యలో సైతం నిలకడ లేదు. ఐ, జే అనేవి ఒకే అక్షరానికి రెండు రూపాలుగా, యూ, వీ మరొక అక్షరానికి రెండు రూపాలుగా చాలాకాలం చెలామణి అయ్యాయి. 1755లో శామ్యూల్ జాన్సన్ రెండు సంపుటాలుగా ప్రకటించిన నిఘంటువులో కూడా ఈ జంటలు విడిపోలేదు కనుక, వదరడాన్ని తెలిపే 'జాబర్' అనే మాట, మంచుగడ్డను తెలిపే 'ఐస్' కంటే ముందు ఒకే విభాగంలో కనిపిస్తుంది.

జాన్సన్ శ్రమ వివరంగా చెప్పుకోదగినది. లండన్‌లోని గఫ్ స్క్వేర్ ఇంట్లో ఆరుగురు రాతగాళ్ల సాయంతో ఆయన 42,773 ఆరోపాలకు, అంటే అర్థవివరణ కోసం ఎత్తిచూపిన మాటలకు, గ్రంథకర్తల ప్రయోగాలను జోడించి అర్థాలు రాశాడు. ఆయన తొలి ప్రయత్నంలో మాటలను ముందే వరుసగా రాసుకుని, వాటి కింద ఖాళీలు వదిలి నింపుదామనుకున్నాడు. ఒకే మాటకు ఊహించనన్ని అర్థభేదాలు తేలడంతో ఆ ఖాళీలు చాలక పని మళ్లీ ఆరంభించవలసి వచ్చింది. మొదటి అక్షరాలను బట్టి మాట చోటు నిర్ణయించడం సులభమే గాని, ఆ మాట లోపల అర్థాలను ఏ వరుసలో నిలపాలనే ప్రశ్నకు అక్షరమాల సమాధానం చెప్పదని ఈ అనుభవం రుజువు చేసింది.

అక్షరక్రమం అర్థబంధాలను తెంచుతుందనే అభ్యంతరం జాన్సన్‌కు ముందూ, తరువాతా బలంగానే వినిపించింది. ఫ్రెంచి అకాడమీ 1694లో తన నిఘంటువు తొలి కూర్పును ధాతువుల కుటుంబాలుగా, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటలన్నీ ఒకచోట వచ్చేలా అమర్చింది. వెతకడం కష్టం కావడంతో 1718 నాటి రెండో కూర్పులో ఏబీసీ వరుసకు మారింది. ఇంగ్లండులో కవి శామ్యూల్ టేలర్ కోలరిడ్జి, మొదటి అక్షరాల యాదృచ్ఛికత జ్ఞానానికి క్రమం కాజాలదని తీవ్రంగా వాదించి, విషయక్రమంలో సాగే 'ఎన్‌సైక్లోపీడియా మెట్రొపాలిటానా' అనే సర్వస్వానికి ప్రణాళిక రూపొందించాడు. ఆ సర్వస్వంలోనే మొదట వెలువడిన ఛార్లెస్ రిచర్డ్‌సన్ నిఘంటువు, ఒక మూలపదం కింద దాని సంతానాన్నంతా చేర్చింది. 1852లో పీటర్ మార్క్ రోజే తన 'థిసారస్'ను, అంటే భావాలను బట్టి కూర్చిన పర్యాయపద కోశాన్ని ప్రకటించినప్పుడు, తనకు తెలిసిన పూర్వ ప్రయత్నాలలో అత్యంత ప్రాచీనమైనదిగా అమరకోశాన్నే పేర్కొన్నాడు. 1808లో సెరాంపూర్‌లో అచ్చయిన కోల్‌బ్రూక్ అనువాదం ద్వారా అది ఆయనకు తెలిసింది. భావక్రమానికి కట్టుబడిన రోజే గ్రంథానికి కూడా చివర ఏబీసీ వరుసలో ఒక సూచిక అవసరమైంది.

కోలరిడ్జి కుటుంబమే మరో మలుపులోనూ కనిపించడం విశేషం. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీ ఆలోచనతో మొదలై, చివరకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుగా రూపొందిన బృహత్కార్యానికి తొలి సంపాదకుడు ఆ కవి మనుమడు హెర్బర్ట్ కోలరిడ్జి. పాఠకులు మాటల ప్రయోగాలు రాసి పంపే చీటీలను అక్షరాల వరుసలో సర్దడానికి ఆయన 54 అరలున్న బీరువా చేయించాడు. 1879లో సంపాదకుడైన జేమ్స్ మరే, తన కార్యాలయమైన స్క్రిప్టోరియంలో వెయ్యికి పైగా అరలు అమర్చవలసి వచ్చింది. చర్మపత్రం కాలంలో అసాధ్యమైన పని ఈ చీటీలతో సాధ్యమైంది. ఒక్కో ప్రయోగం ఒక్కో కాగితం మీద ఉండడంతో, కొత్తది వచ్చిన ప్రతిసారీ దాన్ని సరైన చోట దూర్చడానికి పాతవాటిని కదిలించవచ్చు. కాని ఆ సౌలభ్యానికి తగిన అపాయమూ ఉంది. 'పీఏ' అక్షరాలతో మొదలయ్యే మాటల చీటీలు కొన్ని ఐర్లండులోని ఒక గుర్రపుశాలలో దొరికే నాటికి చాలా భాగం నిప్పు రాజేయడానికి ఖర్చయిపోయాయి. 1884లో వెలువడిన తొలి భాగం 352 పుటలలో 'ఏ' నుంచి 'యాంట్' వరకు మాత్రమే రాగలిగింది. మరే 1915లో మరణించాడు. నిఘంటువు 1928లో పూర్తయింది.

తెలుగులో అర్థక్రమం నుంచి అక్షరక్రమానికి మార్పు 19వ శతాబ్ది ఆరంభంలో వచ్చింది, దాని తొలి అడుగు ఒక వర్తకుడిది. బందరుకు చెందిన మామిడి వెంకయ్య, పద్యకోశాల పద్ధతిని వదిలి, మాటలను అకారాది క్రమంలో కూర్చి 'ఆంధ్రదీపిక'ను సిద్ధం చేశాడు. మద్రాసులో 1812లో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాలలో తెలుగు నేర్చుకునే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు ఇలాంటి గ్రంథం ఎంతో అవసరమైంది, 1821లో ఏ.డి. క్యాంప్‌బెల్ ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుకు ఆంధ్రదీపికే ఆధారం. క్యాంప్‌బెల్ పేరు చిరకాలం నిలిచినంతగా వెంకయ్య పేరు నిలవకపోవడం తెలుగు నిఘంటు చరిత్రకు జరిగిన అన్యాయం. తరువాత జె.సి. మారిస్ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, రోజే థిసారస్ వచ్చిన 1852లోనే మద్రాసులో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరము' వెలువడ్డాయి.

తెలుగు–ఇంగ్లీషు కోశానికి, ఇంగ్లీషు–తెలుగు కోశానికి వరుసలో ఉన్న తేడా పైకి కనిపించేదానికంటే లోతైనది. తెలుగు వర్ణమాల ధ్వని పుట్టే స్థానాన్ని బట్టి ఏర్పడింది. హల్లులలో కంఠంలో పుట్టే కవర్గంతో మొదలై పెదవుల దగ్గర పుట్టే పవర్గం దాకా అది ఒక శాస్త్రీయమైన వరుస కనుక, చెవికి వినిపించిన మాటను దాదాపు నేరుగా నిఘంటువులో వెతకవచ్చు. ఇంగ్లీషు అక్షరమాలలో అలాంటి సూత్రం ఏదీ లేదు, పైగా మొదటి ధ్వని, మొదటి అక్షరం తరచుగా వేరు. నకారంతో వినిపించే నాలుగు మాటలలో రాత్రిని తెలిపే 'నైట్' ఎన్ కింద, కత్తిని తెలిపే 'నైఫ్' కే కింద, చిన్న ఈగ వంటి పురుగును తెలిపే 'నాట్' జీ కింద, ఊపిరితిత్తుల జబ్బైన 'న్యుమోనియా' పీ కింద ఉంటాయి. సీ అనే ఒక్క అక్షరం కింద 'క్యాట్' కకారంతో, 'సిటీ' సకారంతో, 'చైర్' చకారంతో పలుకుతూ సర్దుకుంటాయి. 'నైఫ్', 'నాట్' మాటల మొదట నేడు పలకని అక్షరాలు ఒకప్పుడు పలికినవే. 'నైఫ్' మొదట ఉన్న కకారాన్ని కాడ్రీ కాలంలో కూడా ఇంగ్లీషువారు ఉచ్చరించేవారు. ఉచ్చారణ జారిపోయినా స్పెల్లింగును అచ్చు పట్టి ఉంచింది, ఆ స్పెల్లింగు వెంటే నిఘంటువు వరుస నిలిచిపోయింది. అందువల్ల ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తెరిచే తెలుగు విద్యార్థి, విన్న మాటకు అర్థం వెతకడానికి ముందు, ఇప్పుడెవరూ పలకని ఆ అక్షరాలను కూడా గుర్తుపెట్టుకోవలసి ఉంటుంది.