పేటెంటు న్యాయమున కల్పనకుఁ గొలత



పనివాఁడు క్రొత్త యుపాయమును గనిపెట్టినచో దాని ఫలమును గొంతకాల మతఁడే యనుభవించుట న్యాయము. ఆ హక్కే పేటెంటు. మన దేశమున నిందులకుఁ దొలి శాసనము 1856లో వెలసెను. ఆ యేఁడే కలకత్తానుండి డిపెన్నింగు అను నతఁడు పంకా లాగు యంత్రమునకై యర్జీ పెట్టెను. అయితే, వృత్తిలోని వారెల్ల రెఱిఁగినదాని నొక్కఁడే తనదనినచోఁ దక్కినవారి జీవనము పోవును. కావున, నిపుణుఁడగు పనివానికి సహజముగాఁ దోఁచునది కల్పనము గాదను నియమ మేర్పడెను.

ఈ నియమమును సుప్రీంకోర్టు 1978లో విశదపఱచెను. వ్యాజ్యెము మీర్జాపురపు టిత్తడి పాత్రలను గూర్చినది. పూర్వము పళ్లెమును వేఁడికి మెత్తఁబడు నంటుమందుతో తరిమెనకు నంటించి, త్రిప్పుచు గీఁకి మెఱుఁగు పెట్టెడివారు. పాత్ర యూడి యెగిరిన పనివారికిఁ బ్రమాదము. ఒక సంస్థ, రెండవ వైపునుండి కదురువంటి కడ్డీతో పాత్రను నొక్కిపట్టు సాధనమునకు 1951లో పేటెంటు పొంది, అదే యూరి మఱియొక సంస్థపై దావా వేసెను. అట్లు నొక్కిపట్టు పద్ధతి దశాబ్దములుగా నున్నదే. దానిని పాత్రలకుఁ దగిలించుట పనిపాకలోని చిన్న సవరణయే యని తీర్పరులు పేటెంటును ద్రోసివేసిరి. మేలు గలిగిన మాత్రమునఁ జాలదన్నమాట.

ఈ కొలతతో నొక శబ్దయంత్రమును బరీక్షింతము. ఎడిసను 1877లో పలుకును బట్టి మరల వినిపించెను. డెన్మార్కువాఁడగు పౌల్సెను 1898లో నుక్కుతీఁగపై నయస్కాంతశక్తిచే దానిని నిలిపెను. ధ్వని సోఁకినంతనే విద్యుత్తును గలుపు మీటయుఁ దెలిసినదే. ఈ రెంటిని జోడించి, మాట వినఁబడిన నడచి, మౌనమున నాఁగు యంత్రమునకు నేఁ డొకఁడు పేటెంటు గోరెననుకొందము. బండికి లాంతరు గట్టి క్రొత్త బండి యనుట యెట్టిదో యిదియు నట్టిదే; దేని పని యది చేయుచున్నది.

కాని యంత్రము మేల్కొనులోపలఁ దొలి యక్షరము జాఱిపోవును, రాముఁడు ముఁడగును. ఆ లోపమును నిపుణులకును దోఁపని తెరువున మొదటఁ దీర్చినవానిది కల్పనమే. అయితే విప్పిన పొడుపుకథ యెల్లరకు సులభమే. కావున న్యాయాధిపతి యర్జీనాఁటి జ్ఞానమునందు నిలిచి చూడవలెను.

పూర్వజ్ఞానమును నిరూపింపవలెనన్న సాక్ష్యము గావలయును. గాయములు మాన్పుటకు పసుపును వాడుటపై 1995లో నమెరికాలో నిచ్చిన పేటెంటును, మన శాస్త్రపరిశోధక మండలి పూర్వగ్రంథములు చూపి 1997లో రద్దు చేయించెను. పసుపు మన యింటింటి వస్తువు. అయినను వాడుక యొక్కటియే కాక వ్రాఁత రక్షించెను. పామఱ్ఱు సీమ పెద్దలు తమ యూరి కమ్మరి, వడ్రంగి, కంచరి యెఱిఁగిన పనిముట్లను, పద్ధతులను సంవత్సరముతోఁ గూడ వ్రాయించి యుంచుఁడు. అది రేపటి పనివానికిఁ గోట.