కళింగపట్నం రేవు నుంచి సౌతాంప్టన్ రేవు దాకా

స్వర్ణోత్సవ సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని పూర్వ విద్యార్థుల సంఘం వారు అడిగినప్పుడు, కూర్మనాథుని ఆలయంలోని శాసనాల గురించి రాద్దామనుకున్నాను. చరిత్ర మేష్టారి దగ్గర అందరూ ఆశించేది అదే. కాగితాలు ముందేసుకుని కూర్చున్న రోజునే ఇంగ్లండు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది.

"నాన్నా, వేసవికి మీరు వచ్చినప్పుడు ఓడ మీద నార్వే వెళ్దాం. ఏడు రాత్రుల ప్రయాణం. ఇప్పుడే గదులు పట్టుకోవాలి. కిటికీ లేనిది చవక, బాల్కనీ ఉన్నది బాగా ఎక్కువ. ఏది తీసుకోను?" అని అడిగింది.

ఏ కంపెనీ ఓడ అన్నాను. "పి అండ్ ఓ" అంది. నేను కాసేపు మాట్లాడలేదు. ఆ పేరుతో మా ఇంటికి పాత చుట్టరికం ఉంది. మా ఇంటికే కాదు, ఈ సంచిక చదువుతున్న మీలో చాలామంది ఇళ్ళకి కూడా ఉండి ఉంటుంది. అందుకని శాసనాలు పక్కన పెట్టి ఓడల గురించి రాస్తున్నాను.

రంగం ఓడ

1856లో కలకత్తా, బర్మాల మధ్య స్టీమర్లు నడపడానికి ఒక కంపెనీ పుట్టింది. 1862లో దాని పేరు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అయింది. జనం నోట బి.ఐ. కంపెనీ. గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళని రంగూనుకి చేరవేసింది ప్రధానంగా ఈ కంపెనీ స్టీమర్లే. రంగూను మనకి 'రంగం'. "ఫలానావాడు రంగం వెళ్ళాడు" అంటే ఆ ఇంట్లో అప్పు తీరబోతోందని అర్థం. ఒక్కోసారి, అప్పు పుట్టకే వెళ్ళాడని కూడా అర్థం.

ఆ రోజుల్లో ప్రపంచానికి బియ్యం అమ్మే దేశాల్లో బర్మాది ముందు వరుస. ఐరావతి డెల్టాలో పండిన ధాన్యం ఆడించడానికి మిల్లుల్లో మనుషులు కావాలి. రంగూను రేవులో బస్తాలు మొయ్యడానికి, రిక్షాలు లాగడానికి మనుషులు కావాలి. మన దగ్గర కోతలయ్యాక పని ఉండదు, అక్కడ అప్పుడే మిల్లులు జోరందుకుంటాయి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనాభా నాలుగు లక్షలైతే, అందులో సగానికి పైగా భారతీయులే. మన తెలుగువాళ్ళని బర్మావాళ్ళు 'కోరంగీలు' అనేవారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద వచ్చిన మాట అది. అందులో గౌరవం తక్కువ. 1930 మే నెలలో రంగూను రేవులో కూలి పెంచమని మన తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె ముగిసి మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చేసరికి గొడవ రేగి, ఊరంతా పాకి, ఎంతోమంది చచ్చిపోయారు.

ప్రయాణం ఎలా కుదుర్చుకునేవారు

మా అమ్మాయి ఆరు నెలల ముందు నుంచి ప్రయాణం ఆలోచిస్తోంది. మా తాత కూడా ఆలోచించేవాడని నాయనమ్మ చెప్పేది. ఆయన ముందున్న ప్రశ్నలు వేరు.

మొదటిది, టిక్కెట్టు డబ్బు ఎవరిస్తారు? సొంత డబ్బుతో వెళ్తే అక్కడ నచ్చిన పని వెతుక్కోవచ్చు. మేస్త్రీ దగ్గర బయానా తీసుకుంటే ఓడ ఖర్చు అతనే పెడతాడు. కానీ ఆ బాకీ తీరేదాకా అతను చూపించిన చోటే పని, అతను చెప్పిందే లెక్క. తాత మొదటిసారి మేస్త్రీ చేతి కింద వెళ్ళి, రెండోసారి నుంచి సొంత టిక్కెట్టు కొన్నాడట. ఆ టిక్కెట్టు ముక్క ఒకటి నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున చాలాకాలం ఉండేది.

రెండోది, ఏ రేవులో ఎక్కాలి? కళింగపట్నం నడిచి వెళ్ళే దూరం. కానీ అక్కడ స్టీమరు ఒడ్డుకి రాదు, దూరంగా లంగరు వేస్తుంది. మసూలా పడవల్లో కెరటాలు దాటుకుంటూ వెళ్ళి ఎక్కాలి. ఆ పడవలకి మేకులుండవు. పలకలని కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవైతే మన తీరపు కెరటాల దెబ్బకి విడిపోతుంది, కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. విశాఖపట్నం దూరం. అయితే 1890లలో రైలు వచ్చాక ఆమదాలవలసలో రైలెక్కి పోవచ్చు. ఆ స్టేషను పేరు అప్పుడు చికాకోల్ రోడ్. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రాకతో విశాఖ లోపలి రేవు మొదలయ్యాక, బయట సముద్రంలో పడవెక్కే బాధ అక్కడ తగ్గింది. మన కళింగపట్నం రేవు మాత్రం రోజురోజుకీ పలచబడింది. ఈరోజు అక్కడ దీపస్తంభం కింద నిలబడి ఫొటోలు దిగే పిల్లలకి, అక్కడి నుంచి మనుషులు సముద్రం దాటి వెళ్ళేవారని చెప్పేవాళ్ళు లేరు.

మూడోది, ఓడలో ఎక్కడ? ఈ ప్రశ్నకి జవాబు ఒక్కటే. డెక్కు మీద. వెయ్యిమందికి పైగా జనం, చాప పరిచినంత మేర ఎవరి చోటు వారిది. నాయనమ్మ తమ్ముణ్ణి మేము చిన్నతాత అనేవాళ్ళం. ఆయన చెప్పేవాడు: "ఎక్కీగానే గాలి ఏపు ఏటో సూసుకోవాల. పొగ గొట్టం పక్కన పడ్డావా, మూడు దినాలు దగ్గే." అటుకులు, బెల్లం, చోడిపిండి, ఉప్పు చేప, చింతపండు మూటలో ఉండాల్సిందే. భయం కూడా ఆ మూటతో పాటే వెళ్ళేది. చిల్కా అనే స్టీమరు బారువ దగ్గర మునిగిపోయింది. దాని శిథిలాలని నీటి అడుగుకి వెళ్ళే ఈతగాళ్ళు ఇప్పటికీ చూసి వస్తున్నారు.

నాలుగోది, తిరిగి ఎప్పుడు రావాలి? మా ఇంటి కథంతా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

1942 సంక్రాంతి

1941 దసరా వెళ్ళాక తాత దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కార్తీకంలో బయలుదేరవచ్చు గాని, మిల్లు పని ఇప్పుడే మొదలైంది, ఇంకో రెండు నెలలుంటే పొలం తాకట్టు విడిపించే డబ్బు చేతికొస్తుంది, సంక్రాంతి దాటాక వస్తాను అని దాని సారాంశం. లెక్క తప్పు కాదు. ఏ గృహస్థు అయినా అలాగే వేసుకుంటాడు.

ఆ డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. రేవు కూలీలే ఎక్కువమంది చనిపోయిన వాళ్ళలో ఉన్నారు. ఓడలో చోటు డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళకి దక్కింది. మిగిలినవాళ్ళు నడిచారు. ప్రోమ్ దాకా వెళ్ళి, కొండలు దాటి అరకాను తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగుకి ఒక దారి. మణిపురం మీదుగా మరో దారి. భూమార్గాన నాలుగు లక్షలకు పైగా జనం వచ్చారని చరిత్రకారుల అంచనా. కలరాతో, ఆకలితో దారిలో రాలిపోయినవాళ్ళు వేలు. 1942 మార్చి 8న రంగూను జపాను చేతికి చిక్కింది. ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి.

చిన్నతాత అరకాను దారిన నడిచి ఇల్లు చేరాడు. తాత రాలేదు. చిన్నతాత ఆయన్ని ప్రోమ్‌లో జనంలో చూశాడు, ఆ తర్వాత చూడలేదు. "సంకురేత్రికొస్తానని రాసినాడు, రానేదు" అని మాత్రమే నాయనమ్మ అనేది. బొట్టు తియ్యలేదు, కర్మ చెయ్యనివ్వలేదు. ఎక్కడెక్కడి నుంచో జనం అస్థికలు తెచ్చి మన శ్వేతపుష్కరిణిలో కలుపుతారు, అవి కూర్మాలవుతాయని నమ్ముతారు. ఆ పుష్కరిణి గట్టు మీద పుట్టి పెరిగిన మనిషికి, భర్త కోసం అందులో కలపడానికి ఏమీ లేకపోయింది.

అదే కంపెనీ, వేరే పిల్లలు

ఇక పి అండ్ ఓ సంగతి. 1837లో స్పెయిన్, పోర్చుగల్ తీరాలకి టపా మోసే గుత్తతో మొదలై, 1840లో ఆ పేరుతో స్థిరపడిన కంపెనీ అది. 1844లో వినోదం కోసం మధ్యధరా సముద్రయాత్రలు మొదలుపెట్టింది. కలకత్తాలో పుట్టిన రచయిత థాకరేకి ఆ ఏడాది ఉచితంగా చోటిస్తే, ఆయన తిరిగొచ్చి పుస్తకం రాశాడు. విహారయాత్రల చరిత్ర రాసేవారు ఇక్కడి నుంచే మొదలుపెడతారు. 1914లో బి.ఐ. కంపెనీ, పి అండ్ ఓ కలిసిపోయాయి. అంటే మా తాత డెక్కు మీద చాప పరుచుకున్న ఓడ, మా అమ్మాయి బాల్కనీ గది చూస్తున్న ఓడ ఒకే వంశానివి.

బడి సంచిక కాబట్టి ఇంకో సంగతి తప్పక చెప్పాలి. సైనికులని మోసే పని పోయాక, 1961 నుంచి బి.ఐ. కంపెనీ డునేరా అనే ఓడని ఇంగ్లండు బడిపిల్లల విద్యాయాత్రలకి మార్చింది. తర్వాత డెవోనియా, నెవాసా, ఉగాండా వచ్చాయి. ఓడలో తరగతి గదులు, పడకలకి పెద్ద హాళ్ళు, వెంట మేష్టార్లు. పాఠంలో చదివిన ఊళ్ళని పిల్లలు రేవు దిగి చూసేవారు. 1982లో ఉగాండాని యుద్ధంలో ఆసుపత్రి ఓడగా తీసుకున్నారు. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం రాలేదు, అసూయ కలిగింది. మన బడిలో రంగం వెళ్ళిన వాళ్ళ మనవలం బెంచీకి ఇద్దరం ఉండేవాళ్ళం. మా పాఠంలో రంగూను ఒక్కసారీ రాలేదు.

ఇప్పుడు ఎంచుకునేవారికి

ఇంగ్లండులో ఉన్న మన పూర్వ విద్యార్థులు అమ్మానాన్నలని ఓడ ఎక్కిస్తున్నారని విన్నాను. మా అమ్మాయితో పాటు నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. పెద్దవాళ్ళుంటే సౌతాంప్టన్‌లోనే ఎక్కి అక్కడే దిగే ప్రయాణం మేలు, విమానం మారే పని ఉండదు. నార్వేకి మే నుంచి ఆగస్టు వరకు మంచి కాలం. చలికాలంలో దక్షిణానికి వెళ్తే బిస్కే అఖాతం ఊపేస్తుంది. భారతీయ పాస్‌పోర్టుకి బ్రిటన్ వీసా ఒక్కటే చాలదు, నార్వేలో దిగాలంటే షెంగెన్ వీసా కావాలి. టిక్కెట్టు కంటే ముందు దాని గడువు చూసుకోండి. ఓడ ప్రయాణానికి వర్తించే బీమా వేరుగా అడిగి తీసుకోండి. కొన్ని రేవుల్లో ఓడ ఒడ్డుకి రాదు. గెర్న్సీ దీవిలో చిన్న పడవల్లో దింపుతారు. మోకాళ్ళ నొప్పులున్నవారు ముందే కనుక్కోవాలి. పడవలోకి దిగడమనే మాట వినగానే నాకు కళింగపట్నం గుర్తొచ్చింది.

అంత దూరం వెళ్ళలేనివారికి విశాఖ ఉంది. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహారనౌక అక్కడి నుంచి బయలుదేరింది. 2023లో విహారనౌకల కోసం టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అదే విశాఖలో, 1960లలో బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు స్థిరపడ్డ బర్మా క్యాంపు ఉంది. రెండూ చూడండి.

ఒక కోరిక

అమ్మాయికి కిటికీ లేని గది చాలన్నాను. డబ్బు మిగులుతుందని అనుకుంది. పగలంతా డెక్కు మీదే ఉంటాను, గదితో నాకేం పని?

సంఘానికి ఒక్కటి కోరుతున్నాను. ఏభై ఏళ్ళలో మనం బెంచీలు ఇచ్చాం, ప్రహరీ కట్టాం, బహుమతులు పెట్టాం. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మీ ఇళ్ళలో రంగం కాగితాలు ఏవైనా మిగిలి ఉంటే, ఉత్తరమో, మనియార్డరు రసీదో, ఫొటోవో, నకలు తీసి బడి గ్రంథాలయానికి ఇవ్వండి. మా నాయనమ్మ పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే ఆ టిక్కెట్టు ముక్కని చెద తినేసింది. చరిత్ర మేష్టారి ఇంట్లోనే అలా జరిగింది. మీ ఇంట్లో జరగనివ్వకండి.