పదో తరగతి తర్వాత ఏంటి? యానాం చేనేత ఇళ్ళలో ఒక పాత ప్రశ్న

ఏటా మన సమాఖ్య వేదిక మీద పదో తరగతి పాసైన పిల్లలకు శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం, ఫోటో తీయిస్తాం. మెట్లు దిగుతున్న పిల్లవాణ్ణి "తర్వాత ఏం చదువుతావురా?" అని అడిగితే వాళ్ళ నాన్న వంక చూస్తాడు. నాన్న మన వంక చూస్తాడు. మనం భోజనాల వైపు చూస్తాం. ఈ డిజిటల్ సంచికలో మన పూర్వీకుల గొప్పతనం గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. మేం మాత్రం ఈ ప్రశ్న చరిత్ర రాద్దామనుకున్నాం.

నిజానికి మన తాతల కాలంలో ఈ ప్రశ్నే లేదు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లకి, పిల్లాడికి మొదటి బడి రాట్నం. కండెలు చుట్టడం వచ్చాక ఆసు పోయడం, వీధిలో పడుగు చాచి గంజి పెట్టేటప్పుడు పెద్దవాళ్ళకి సాయం పట్టడం, కాళ్ళు అందాక గుంట మగ్గంలోకి దిగడం. చదువు వద్దని కాదు, పని ముందే ఖాయమైపోయింది. ఫ్రెంచివాళ్ళు 1723లో యానాంలో అడుగుపెట్టింది ఈ పని కోసమే. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు, అందరికీ మన బట్టే కావాలి. దళారులు ముందుగా బయానా ఇచ్చేవారు. ఆ డబ్బు చేతిలో పడ్డాక నేత నేసి ఇచ్చేదాకా మనిషి కట్టుబడిపోయినట్టే. ముగ్గురు కొనేవాళ్ళు దగ్గర దగ్గరగా ఉండబట్టి, ఒకడు పీడిస్తే ఇంకొకడి దగ్గరికి పోయే వీలు కాస్త ఉండేది. ఇంగ్లీషు కంపెనీ పట్టు పెరిగేకొద్దీ అదీ తగ్గింది. గమనించండి, ఆ స్వేచ్ఛ కొనేవాణ్ణి మార్చుకోవడానికే, పని మార్చుకోవడానికి కాదు.

పని మార్చుకోవాల్సిన రోజు వచ్చినప్పుడు ఎవరూ సలహా అడిగి మార్చుకోలేదు. లాంకషైర్ నూలు, మిల్లు బట్ట వచ్చి మగ్గాలు మూలపడ్డాయి. 1833 చట్టంతో ఇంగ్లీషు కంపెనీ వ్యాపారం కూడా ముగిసింది. ఈ లోపే 1828లో యానాం నుంచి పదిహేనుమంది తెలుగు కూలీలు ఒప్పందం మీద 'లా తుర్కాయిజ్' అనే ఓడలో రెయూనియన్ దీవికి వెళ్ళారు. ఆ దీవికి వెళ్ళిన తొలి భారతీయ ఒప్పంద కూలీలుగా వాళ్ళని చెప్పుకుంటారు. ఆ తర్వాత మారిషస్, బర్మా. 1839 నవంబరు ఉప్పెనలో కోరంగి రేవు ఎంత దెబ్బ తిన్నా, దాని పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనే పిలిచేవారు. వాళ్ళకి దారి చూపించింది మేస్త్రీ. అతనికి ఓడ తెలుసు, కూలి తెలుసు, పిల్లవాడికి ఏం వచ్చో తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు.

పిల్లవాడికి ఏం వచ్చు, ఏం ఇష్టం అని ముందు అడగాలన్న ఆలోచన ఎక్కడో దూరాన మొదలైంది. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన వలసకూలీల పిల్లల కోసం వృత్తి సలహా కేంద్రం తెరిచాడు. ఆయన సూత్రం మూడు ముక్కలే: నిన్ను నువ్వు తెలుసుకో, పనుల సంగతి తెలుసుకో, ఆ రెండూ కలిపి ఆలోచించు. 1922లో ఫ్రాన్సు ప్రభుత్వం కూడా వృత్తి మార్గదర్శనం మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు యానాం మీద ఎగిరేది ఫ్రెంచి జెండాయే! అయినా ఇక్కడి పిల్లవాడికి ఆఫీసు ఉద్యోగానికి ఫ్రెంచి చదువు ఒక్కటే మెట్టు. ఆ మెట్టు ఎక్కలేనివాడికి మగ్గం, చేపల వల, పొలం.

మన దేశంలో 1952–53 ముదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలల్లో మార్గదర్శక అధికారులు, 'కెరీర్ మాస్టర్లు' ఉండాలని చెప్పింది. ఆ కమిషన్ అధ్యక్షుడు లక్ష్మణస్వామి ముదలియార్ మన కర్నూలులో పుట్టినవారే. మాట బాగుంది. కానీ మాకు తెలిసినంతలో, మన పిల్లల బడుల్లో ఆ పేరుతో ఒక మాస్టారు ఉన్నారని మన పెద్దలెవరూ చెప్పలేదు.

1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన పోయింది. 1962 ఆగస్టు 16న అప్పగింత చట్టబద్ధమైంది. ఆ తర్వాత ఆరు నెలల్లోగా ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకుంటామని సంతకం పెట్టినవాళ్ళ పిల్లలకు ప్యారిస్ దారి తెరుచుకుంది. పెట్టనివాళ్ళకి కాకినాడ దారి. పిల్లల బతుకుని మార్చే అంత పెద్ద నిర్ణయం గురించి కూర్చోబెట్టి వివరించిన వాళ్ళు ఎందరుండి ఉంటారు?

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాం. నీలపల్లి, ఇంజరం, తాళ్ళరేవు మన చుట్టాలున్న ఊళ్ళు. అవి ఆంధ్రప్రదేశ్, యానాం పుదుచ్చేరి. అన్నదమ్ముల పిల్లలు ఒకే బెంచీ మీద చదివినా వృత్తివిద్యా సీటు కోసం ఒకడు సెంటాక్‌కి, ఇంకొకడు ఈఏపీసెట్‌కి వెళ్ళాలి. సెంటాక్‌లో యానాం ప్రాంతానికి విడిగా సీట్ల వాటా ఉంది. కానీ దానికి నివాస ధ్రువపత్రం కావాలి. కులపత్రం సంగతీ అంతే: ఆంధ్రాలో పద్మశాలి, దేవాంగ బీసీ-బీ, పుదుచ్చేరిలో ఓబీసీ, ఎంబీసీ, ఈబీసీ అని జాబితాలే వేరు. ఏళ్ళ తరబడి మన పిల్లలు ఆంధ్రా పదో తరగతి పరీక్షే రాశారు, ఇటీవల ప్రభుత్వ బడులు సీబీఎస్ఈకి మారాయి. ఇన్ని మారుతుంటే తల్లిదండ్రులకి ఎవరు చెప్పాలి?

మన ఇళ్ళలోనే ఒక అమ్మాయి. మంచి మార్కులు. మనమే శాలువా కప్పాం. పత్రం చేతికొచ్చేసరికి దరఖాస్తు గడువు దాటింది. ఏడాది ఇంట్లో కూర్చుంది. ఆ శాలువా మడత కూడా విప్పలేదని వాళ్ళమ్మ చెప్పినప్పుడు మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. గడువు తేదీ ఫలానా అని మే నెలలో ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

ఇంకో సంగతి. చదువు అంటే మగ్గం నుంచి పారిపోవడమే అని మనమే పిల్లలకి నూరిపోశాం. సేలంలో, వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థలున్నాయి. వెంకటగిరి సంస్థకి మన నాయకుడు ప్రగడ కోటయ్య గారి పేరు పెట్టారు. పదో తరగతి తర్వాత మూడేళ్ళ డిప్లొమా. అద్దకం, డిజైన్, నేత యంత్రాలు అన్నీ నేర్పుతారు. ఆయన విగ్రహానికి దండలు వేస్తాం గానీ ఆ కోర్సు పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో ఎప్పుడూ అడగలేదు. అందరినీ అక్కడికే పంపమని కాదు మేం అనేది. 2012లో యానాంలో పెద్ద కర్మాగారం మూతపడినప్పుడు ఒక్క గేటు మీదే ఆశ పెట్టుకున్న ఇళ్ళు ఏమయ్యాయో చూశాం.

అందుకే ఈసారి ప్రతిభా పురస్కారాల రోజున భోజనాల షెడ్డు పక్కన మూడు బల్లలు వేస్తున్నాం. ఒకటి సెంటాక్, ఒకటి ఈఏపీసెట్, ఒకటి డిప్లొమా, ఐటీఐ కోర్సులకి. ఒక్కో బల్ల దగ్గర ఇప్పటికే ఆ దారిలో వెళ్ళిన మన పిల్లలే కూర్చుంటారు. తల్లిదండ్రులు నివాసపత్రం, కులపత్రం జిరాక్సులు తెచ్చుకోవాలి. శాలువాల ఖర్చు ఆ మేరకు తగ్గించాం.