రాయపురం పండగ, ఎర్రగుంట్ల దారి

1856 జూన్ 28న మద్రాసు రాయపురం స్టేషన్‌ను గవర్నర్ లార్డ్ హారిస్ ప్రారంభించాడు. జులై 1 నుంచి బండ్లు తిరిగాయి. ఒక బండిలో గవర్నరు, మూడు వందల మంది దొరలు ఎక్కితే, దేశీయులు వేరే బండిలో తిరువళ్లూరు దాకా వెళ్లొచ్చారు. గవర్నరు బండి ఆంబూరు చేరిందని నేటికీ రాస్తూనే ఉన్నారు. అప్పటికి పట్టాలు పడింది దానికి ఇవతలున్న వాలాజా రోడ్డు వరకే!

ఆ రైలు వచ్చాకే కడప సీమ తేరుకుందన్న మాటనూ ఇలాగే నిలదీయాలి. అరక్కోణం, రేణిగుంటల మీదుగా 1860ల్లో కడపకు వచ్చిన దారి కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు దాటి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనును కలిసింది. మద్రాసును బొంబాయితో కలపడమే దాని పని. లాభం రాకున్నా రైలు కంపెనీ వాటాదారులకు 5 శాతం వడ్డీకి సర్కారు పూచీ పడింది. తక్కువ పడింది మన శిస్తుల్లోంచే పోయేది. ఇక దారిలోని ఊళ్ల అవసరం కంపెనీకి ఏం పట్టింది? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నకు ఆవలే ఉండిపోయాయి. పులివెందుల సరేసరి.

1876-78 కరువు ఈ దారికి అసలు పరీక్ష. రైలే కరువు తెచ్చిందనడం సబబు కాదు. బెంగాల్, బర్మా బియ్యం మద్రాసు రేవులో దిగి ఈ పట్టాల మీదే పైకి వచ్చింది. రైలు ఆదుకుందనడమూ సగం మాటే. గింజలు స్టేషన్‌కు చేరేవి, అక్కణ్ణుంచి పల్లెలకు బండి కట్టాలి. మేత లేక ఎద్దులు అప్పటికే చచ్చాయి. ఉన్న ధాన్యమూ ఎక్కువ ధర పలికే చోటికే పోయేది. చేతిలో డబ్బుల్లేని కూలీకి ఎదురుగా బస్తాలున్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇంత చూసీ 1880 కరువు కమిషన్ మరిన్ని రైలు మార్గాలు కావాలంది. చెరువులు, కాలువలు వెనకబడ్డాయి.

ప్రొద్దుటూరుకు బండి రావడానికి 2016 దాకా పట్టింది. 1996-97లో మంజూరైన 123 కిలోమీటర్ల ఎర్రగుంట్ల-నంద్యాల లైను అది. కొబ్బరికాయలు కొట్టినంత జోరుగా బండ్లు పెరగలేదు. 2008-09లో ఒప్పుకున్న కడప-బెంగళూరు లైను పెండ్లిమర్రి దాటలేదు. పులివెందులకు పట్టాలే లేవు. వీరపునాయునిపల్లె వాళ్లు రైలెక్కాలంటే బస్సు పట్టుకుని ఎర్రగుంట్లకే పోవాలి.