చుక్కా, 'డీ'యా?

కలనగణితాన్ని ముందు కనిపెట్టింది న్యూటనా, లైబ్‌నిట్జా అన్న తగువు జగమెరిగినదే. గణితానికి అంతకన్నా ఎక్కువ పని చేసిపెట్టిన పోటీ మాత్రం వాళ్ల గుర్తుల మధ్య సాగింది. కాలంతోపాటు ఒక రాశి మారే వేగాన్ని న్యూటన్ ఆ రాశిని సూచించే అక్షరం నెత్తిన చుక్క పెట్టి చూపాడు. లైబ్‌నిట్జ్ 1675 నవంబరులో ఎక్స్ కింద 'డీ' రాసి చూసి, వెంటనే దాన్ని పక్కకు తెచ్చి 'డీఎక్స్' చేశాడు. అది 1684లో ఆక్టా ఎరుడిటోరం పత్రికలో అచ్చయింది. న్యూటన్ చుక్కలు 1693లో జాన్ వాలిస్ గ్రంథంలో అచ్చుకెక్కాయి. చివరికి 'డీ' నెగ్గడానికి కారణం ముందు పుట్టడం కాదు, లెక్క చేసే చేతికి దారి చూపడం. బుడగలోకి గాలి ఊదుతున్నామనుకోండి. దాని ఘనపరిమాణం వ్యాసార్ధాన్ని బట్టి, వ్యాసార్ధం కాలాన్ని బట్టి మారతాయి. డీవీ బై డీఆర్‌ను డీఆర్ బై డీటీతో గుణిస్తే, మధ్యలో డీఆర్ కొట్టేసినట్టే పోయి డీవీ బై డీటీ మిగులుతుంది. శృంఖల నియమాన్ని గుర్తే పలికిస్తుంది. చుక్కలో మాత్రం ఏ చలరాశితో పోలుస్తున్నామో కనబడదు, అది కాలమేనని ముందే ఒప్పుకోవాలి.

చుక్కనే పట్టుకున్నందుకు బ్రిటన్ గణితంలో యూరప్ కన్నా వెనకబడిందంటారు. చుక్కలతోనే అక్కడి గణితజ్ఞుడు మెక్లారిన్ 1742లో గొప్ప గ్రంథం రాశాడు కదా, ఆ వెనకబాటుకు గుర్తును తప్పుపట్టడం న్యాయమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రేఖాగణితం మీద మమకారం, న్యూటన్ మీద అభిమానం కూడా అక్కడివారిని కట్టిపడేశాయి. అయితే ఆ అభిమానానికి జెండా అయింది చుక్కే. యూరప్‌లో బెర్నూలీలు, ఆయిలర్ 'డీ'తో రాసిన గ్రంథాలు చుక్కలకు అలవాటుపడ్డ కళ్లకు పరాయివయ్యాయి. అందుకే 1812లో కేంబ్రిడ్జిలో బాబేజ్, హెర్షెల్, పీకాక్ విశ్లేషణ సంఘం పెట్టి, 1816లో లాక్రువా ఫ్రెంచి పాఠ్యపుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 1817లో పరీక్షకుడైన పీకాక్ ప్రశ్నపత్రంలోనే 'డీ' పెట్టాడు. పరీక్షలోకి వచ్చిన గుర్తును విద్యార్థి కాదనలేడు.

డీవై బై డీఎక్స్ నిజానికి భిన్నం కాదు, భిన్నంలా కనబడి మోసం చేస్తుందన్నది మరో అభ్యంతరం. డీవై, డీఎక్స్ లాంటి అత్యల్ప రాశుల ఊసే లేకుండా కలనగణితాన్ని నిలబెట్టాలని గణితజ్ఞుడు లగ్రాంజ్ 1797లో 'ఎఫ్ డాష్' పద్ధతితో గ్రంథం వెలువరించాడు. అవకలజం, అంటే మారే రేటు, కూడా ఒక ప్రమేయమేనని ఆ గుర్తు చక్కగా చెబుతుంది. కానీ శృంఖల నియమం దగ్గర 'డీ' ఇచ్చేంత ఊతం ఇవ్వదు. కాబట్టి గుర్తును తూచాల్సింది అది ఎంత నిజంగా కనబడుతుందన్న దాన్ని బట్టి కాదు, ఏ పనికి ఎంత అక్కరకొస్తుందన్న దాన్ని బట్టి. కాలమే చలరాశిగా నడిచే యాంత్రికశాస్త్రంలో న్యూటన్ చుక్క నేటికీ చలామణిలో ఉంది.